ఉప్పు తగ్గిస్తే రోషం తగ్గుతుందనుకున్న ఎలుగుబంటి

అనగనగా, ఇప్పచెట్లు గుబురుగా పెరిగిన ఒక అడవిలో బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఎంత ఎత్తు చెట్టయినా ఎక్కి తేనె దింపడంలో అతనికి సాటి లేరు. రోషంలో అసలే సాటి లేరు. తుమ్మెద తగిలితే తుమ్మెదతో పోట్లాట. కొమ్మ తగిలితే కొమ్మతో పోట్లాట.

"ఉప్పూ కారం తినే ఒళ్ళు నాది!" అని రొమ్ము విరుచుకునేవాడు.

తినడమంటే అలా ఇలా కాదు. అడవి అంచున ఉన్న ఊళ్ళో దూరి, పెరట్లో ఎండకు పెట్టిన ఆవకాయ జాడీలు ఎత్తుకొచ్చేవాడు. ఇప్పపువ్వులోకి ఆవకాయ. తేనెలోకీ ఆవకాయే! తినేసి గుహలో వెల్లకిలా పడుకునేవాడు.

ఒకనాడు అతనికి తల దిమ్మెక్కింది. చెవుల్లో ఎవరో ఈల వేసినట్టయింది. భార్య నేరేడమ్మ ఆ చెవే పట్టుకుని వైద్యుడి దగ్గరికి లాక్కుపోయింది.

వైద్యుడెవరనుకున్నారు? కొండచిలువ! పేరు చుట్టాచారి. రోగి చేతికి చుట్టుకుని, గట్టిగా బిగించి, మెల్లగా వదులుతూ రక్తం ఎంత జోరుగా కొట్టుకుంటోందో చెప్పేవాడు.

"అబ్బో, చాలా ఎక్కువుంది," అన్నాడు చుట్టాచారి.

"నువ్వు చుట్టుకుంటే ఎవడికి పెరగదయ్యా!" అని బొంతయ్య గావుకేక పెట్టాడు.

"అందుకే కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూస్తాను. మాట్లాడకు."

మళ్ళీ చూశాడు. ఎక్కువే. మర్నాడు రమ్మని మూడోసారి చూశాడు. అప్పుడూ ఎక్కువే.

"నాయనా, ఇది రక్తపోటు. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు కాలూ చెయ్యీ పడిపోతాయి. ఇక చెట్టెక్కలేవు. నేనిచ్చే ఆకు రోజూ నములు. పొద్దున్నే ఏటి దాకా నడువు. ఆవకాయ మాను, ఉప్పు బాగా తగ్గించు."

ఆకు సరేనన్నాడు బొంతయ్య. నడక సరేనన్నాడు. ఉప్పు మాట వినగానే దిగ్గున లేచాడు.

"ఉప్పు తగ్గిస్తే రోషం తగ్గిపోదూ? రేపెవడైనా 'ఏరా, ఉప్పూ కారం తినడం లేదా?' అంటే ఏం చెప్పను? 'లేదండీ, వైద్యుడు వద్దన్నాడు' అననా?"

చుట్టాచారి పడీ పడీ నవ్వి ముడిపడిపోయాడు. ఆ ముడి విప్పేసరికి నేరేడమ్మకు చెమటలు పట్టాయి.

ఆ మర్నాటి నుంచి బొంతయ్య రోజూ నడకకు బయల్దేరాడు. ఏటి దాకా కాదు, జాడీ దాచిన పొద దాకా!

తేనె రోజులొచ్చాయి. బొంతయ్య మద్దిచెట్టు ఎక్కాడు. సగం ఎక్కాడో లేదో, అడవంతా గిర్రున తిరిగింది. చెట్టును కావలించుకుని, కళ్ళు మూసుకుని, జారుకుంటూ దభీమని కింద పడ్డాడు.

పై కొమ్మ మీంచి కిచ్చిగాడనే కోతి పకపకా నవ్వాడు. "బావా! చెట్టుకు ముద్దులు పెట్టడానికా ఎక్కావు?"

నేరేడమ్మ పరుగున వచ్చింది. మొగుడి మూతి చూసింది. నిండా ఎర్రటి కారం!

"ఏమయ్యా! పులి పిలిస్తే పలకనివాడివి, మామిడిముక్క పిలిస్తే ఉన్న ఆ బెత్తెడు తోకా ఊపుకుంటూ పోతావా? జాడీకి లొంగిపోయినవాడికి రోషమేమిటి?"

"నేనా? జాడీకా? లొంగడమా?" బొంతయ్య రోమాలన్నీ నిక్కబొడుచుకున్నాయి.

ఆ సాయంత్రమే జాడీ ఊళ్ళోకి తీసుకెళ్ళి, ఎత్తుకొచ్చిన పెరట్లోనే పెట్టొచ్చాడు. సగమైనా తిరిగొచ్చినందుకు ఆ ఇంటావిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

మొదట్లో తిండి గడ్డిలా అనిపించింది. మూతి ముడిచి, చింతచిగురు కలుపుకుని తిన్నాడు. నోరు మెల్లగా అలవాటు పడింది. నిజంగానే ఏటి దాకా నడిచాడు. ఆకు మానలేదు. తుమ్మెద తగిలితే, "పోనీలే, దారి తప్పింది," అన్నాడు. చుట్టాచారి చుట్టి చూసిన ప్రతిసారీ రక్తం జోరు కాస్త తగ్గింది.

మళ్ళీ తేనె రోజులొచ్చాయి. బొంతయ్య చెట్టు మొదట్లో నిలబడ్డాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో, కిచ్చిగాడు ఒక ఆవకాయ ముక్క ముక్కు ముందు ఊపాడు.

"ఒక్క ముక్క బావా! ఒక్క ముక్కతో ఏమవుతుంది?"

ఘుమఘుమ! బొంతయ్య నోట్లో ఏరు పారింది. అయినా అటు చూడలేదు.

"పక్కకు తప్పుకోరా! నాకు రోషముంది!"

గబగబా చెట్టు కొసకంటా ఎక్కేశాడు. కింద నేరేడమ్మ గంతులేసింది. పైనుంచి జారిన తేనె ధార సరిగ్గా కిచ్చిగాడి నెత్తిన పడింది. ఇక చూడండి, తేనెటీగలు ముందు, వాడు వెనక కాదు... వాడు ముందు, తేనెటీగలు వెనక!

నీతి: నోటి రుచికి లొంగకుండా ఒళ్ళు కాపాడుకోవడమే అసలైన రోషం.