రాజుగారి చెయ్యి పట్టుకున్న నూకాలమ్మ

ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి, కునికిపాట్లు పడేవాళ్ళు గోడకు చేరగిలండి. అనగనగా, కొండదారుల్లో ఇంకా బండిచాళ్ళు పడని కాలంలో, చలికొండ అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజుగారికి పెట్టుపోతల పిచ్చి. ఆయనింటికి భోజనానికి వెళ్ళినవాడు తనంతట తాను లేచిందే లేదు. ఇద్దరు పట్టుకుని లేపాల్సిందే.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు తూర్పుదేశపు కోయి చేపలు తెచ్చి ఆయనకు కానుకిచ్చాడు. ఎర్రనివి, తెల్లనివి, పసుపుముద్దల్లాంటివి. రాజుగారు పూలతోటలో కొలను తవ్వించి వాటిని వదిలించారు. మనిషి అలికిడైతే చాలు, గట్టుకొచ్చి నోళ్ళు తెరిచేవి.

"అయ్యో, ఆకలి!" అన్నారు రాజుగారు.

ఇంకేం, వంటవాడు బూరెలు వేశాడు. చచ్చాయి. మరుసటేడు కొత్త చేపలొచ్చాయి. వైద్యుడు నేతి అన్నంలో లేహ్యం కలిపి వేశాడు. అవీ చచ్చాయి. మూడో ఏడు వర్తకుడు ముప్పై చేపలు తెచ్చి, "ముసలివాణ్ణయ్యాను ప్రభూ, ఇక ఓడెక్కలేను. ఇవే ఆఖరు" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

రాజుగారు కొలను మెట్లమీద కూలబడ్డారు. "నా ఇంట తిని చచ్చిపోతున్నాయే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

ఆ తోటలో ఆకులు ఊడ్చే మనిషి నూకాలు. మొగుడు లేడు, బిడ్డలు లేరు. ఉన్నదల్లా తోట వెనక ఒక పాక. చచ్చిన చేపల్ని రెండుసార్లూ ఏడుస్తూ పూడ్చింది ఆవిడే. చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"బాబూ, ఈపాలి ఈటి మేత నాకొగ్గీండి. నోరు తెరిసినప్పుడల్లా పెడితే సంటిపిల్లైనా కక్కుతాది. మిగిలిన కూడు నీట్లో కుళ్ళిపోతంది. ఆ నీట్లోనే ఇయి సస్తన్నాయి."

"నీకెవరు చెప్పారే?"

"ఆ కంపునీళ్ళు తోడిపోసింది నేనే కద బాబూ."

రాజుగారు సరేనన్నారు. నూకాలు చోడిపిండిలో, అదే రాగిపిండిలో, రొయ్యపొట్టు, తోటకూర తరుగు కలిపి ఉడికించి ఆరబెట్టింది. చిటికెడు వేసేది, చూసేది. అది తిన్నాక మరో చిటికెడు. మూడు చిటికెలతో సరి, చెయ్యి కడుక్కునేది. చేపలు నోళ్ళు తెరుచుకునే ఉండేవి. "సాల్లే, మీ యేసాలు నాకు తెల్దా?" అని నవ్వేది.

వానలు వెళ్ళాయి. చలి వచ్చింది. కొండమీద గడ్డి తెల్లగా గడ్డకట్టింది. చేపలు అడుగుకు దిగిపోయి కదలడం మానేశాయి. నూకాలు చిటికెడు వేసింది, చూసింది. తినలేదు. గుడ్డతో తోడేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజునుంచి వెయ్యడమే మానేసింది.

వంటవాడికి ఇంతకంటే ఏం కావాలి? "చేపల మేత నూకాలు మేస్తోంది ప్రభూ" అని రాజుగారి చెవిలో ఊదాడు. రాజుగారు వెండిపళ్ళెం నిండా వేడి బూరెలతో కొలను దగ్గరికొచ్చారు. వెనక పరివారమంతా వచ్చింది.

"తప్పుకో! వీటిని ఆకలికి మాడ్చి చంపుతావా?"

నూకాలు తప్పుకోలేదు. రెండు చేతులతో రాజుగారి చెయ్యి పట్టుకుంది.

"సలికి ఆటి ఒళ్ళు మొద్దుబారిపోనాది బాబూ. ఇప్పుడు తింటే అరగదు. ఎండ కాసినాక ఆయే పైకొస్తాయి. ఒక్క సేప సచ్చి తేలినా నా పాక పీకీండి, నన్ను రాజ్యం దాటించీండి."

రాజుగారు చెయ్యి దించారు. "సరే, ఆ మాటమీద ఉండు" అని పళ్ళెం వెనక్కి పంపించారు.

ఒక నెల గడిచింది, చిటికెడు వెయ్యలేదు. రెండో నెల గడిచింది, చిటికెడు వెయ్యలేదు. మూడో నెలకు నూకాలుకే ముద్ద దిగడం మానేసింది. "నేను పొరబడలేదు కదమ్మా?" అని రోజూ పొద్దున్నే నీళ్ళను అడిగేది. ఊళ్ళో జనం అప్పుడే ఆవిడ మూటాముల్లే గురించి మాట్లాడుకుంటున్నారు.

కొండమీద మోదుగలు పూశాయి. నీళ్ళు వెచ్చబడ్డాయి. ఒక ఎర్రని వీపు పైకి లేచింది. కబురు తెలిసి రాజుగారు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చారు. వంటవాడొచ్చాడు, వైద్యుడొచ్చాడు. ఒకటి, రెండు, మూడు... ముప్పై! ముప్పైకి ముప్పై బతికే ఉన్నాయి! నూకాలు ఏడ్చింది, నవ్వింది, చిటికెడు మేత వేసింది. చేపలు గుటుక్కున మింగాయి.

రాజుగారు పసివాడిలా అడిగారు. "నూకాలమ్మా, నేనొకటి వెయ్యనా?"

"ఎయ్యండి బాబూ. సిటికెడే."

వేశారు. చెయ్యి మళ్ళీ మేత మీదికి పోబోయి ఆగింది. "చాలా, నూకాలమ్మా?"

"సాలు బాబూ. సెయ్యి కడుక్కోండి."

రాజుగారు బుద్ధిగా చెయ్యి కడుక్కున్నారు. తోటంతా ఈలలు, చప్పట్లు. వంటవాడు కూడా కొట్టాడు, కొట్టక చస్తాడా!

నూకాలమ్మ నిండా బతికి పోయింది. ఆవిడ పాడె రాజుగారి కొడుకులు మోశారు. ఆ రాజ్యం ఎక్కడుండేదో ఇప్పుడెవరికీ తెలీదు. కానీ కొండసీమల్లో కొలనులో చేపలున్న ప్రతిచోటా ఇప్పటికీ మేత వేసి, "చాలా, నూకాలమ్మా?" అని నీళ్ళను అడిగి చెయ్యి కడుక్కుంటారు. మొదటి చిటికెడు మాత్రం తోట ఊడ్చే మనిషిదే. ఆ మనిషి వేసేదాకా, ఎంతటి దొరైనా సరే, గట్టుమీద చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.