ఈగ వాలకూడని గాలంకర్ర

ఎగువలసలో గవిరయ్య, పైడన్న, సన్నాసి అని ముగ్గురు స్నేహితులు ఉండేవారు. ఊళ్ళో మిగతావాళ్ళకి పొలాలున్నాయి, పశువులున్నాయి. ఈ ముగ్గురికీ తెలివి ఉంది. ఆ మాట చెప్పింది కూడా వాళ్ళే. ఎండైనా వానైనా తలగుడ్డ బిగించి చుట్టుకునే తిరిగేవారు. ఎందుకురా అంత బిగింపు అని ఎవరైనా అడిగితే, "తెలివున్న తల కదా, వదులుగా ఉంటే కారిపోతుంది" అనేవాడు గవిరయ్య.

"ఊళ్ళోవాళ్ళు ఒకటి వింటారు, ఇంకొకటి చేస్తారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అదే తేడా" అనేవాడు పైడన్న.

సన్నాసి ఏమీ అనేవాడు కాదు. ముగ్గురిలోకీ పెద్ద తెలివి తనదేనని, ఎక్కువ మాట్లాడితే ఖర్చయిపోతుందని అతని భయం.

ఇలా ఉండగా గవిరయ్య పెళ్ళాం నరసమ్మ నెల తప్పింది. వేవిళ్ళు గట్టిగా పట్టుకున్నాయి. అన్నం చూస్తే వాంతి, గంజి తాగితే వాంతి. మనిషి చీపురుపుల్లలా అయిపోయింది. గవిరయ్యకి బెంగ పట్టుకుంది. మంచం పక్కన కూచుని, "ఏం తినాలనుందే నీకు?" అని అడిగాడు.

"చేపల పులుసు" అంది నరసమ్మ నీరసంగా. "మన ఏటి చేప. పుల్లగా, కారంగా. అదుంటే ఇంతన్నం తింటానయ్యా." అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అంతే. గవిరయ్య తలగుడ్డ ఇంకో చుట్టు బిగించి, స్నేహితులిద్దర్నీ వెంటబెట్టుకుని జోగులు తాత ఇంటికి పోయాడు. తాత దగ్గర ఒక గాలంకర్ర ఉంది. కుర్రతనంలో కొండల మీద ఎవరో దొర దగ్గర పనిచేసినప్పుడు ఇచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వంచితే విల్లులా వంగుతుంది. తాత దాన్ని రోజూ నూనెగుడ్డతో తుడుచుకుంటాడు, ఎవరికీ ఇవ్వడు. నరసమ్మ సంగతి వినేసరికి ఆయన మనసు కరిగింది. లోపల్నించి కర్ర తెచ్చి గవిరయ్య చేతిలో పెట్టాడు.

"దీనికి వానపాముల్ని కట్టకండిరా. ఈగని కట్టాలి. ఈగ నీళ్ళమీద తేలుతూ పోతుంటే చేప ఎగిరి అందుకుంటుంది. గాలం వేశాక నోరు మూసుకు కూచోండి. దొరికితే తలా ఒకటి తెచ్చుకోండి, అంతకుమించి ఆశకి పోకండి. ఇంకోమాట. ప్రాణంలా చూసుకుంటున్న కర్ర ఇది. దీనిమీద ఈగ వాలకుండా చూసుకోండి, తెలిసిందా?"

"తెలిసింది తాతా" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

వీధిలోకి వచ్చి ఆగిపోయారు.

"ఒరే, ఈగని కట్టమన్నాడు. మళ్ళీ ఈగ వాలకూడదన్నాడు. ఏటిరా ఇది?" అన్నాడు పైడన్న.

ముగ్గురూ గోడనీడన కూచుని ఆలోచించారు. నీడ జరిగింది. వాళ్ళూ జరిగి మళ్ళీ ఆలోచించారు. చివరికి సన్నాసి నోరు విప్పాడు.

"వాలితే తప్పు. కట్టేస్తే తప్పులేదు. దూడ తనంతట తను వచ్చి మన పెరట్లో పడితే దొంగదూడ. మనం తెచ్చి కట్టేసుకుంటే మన దూడ."

మిగతా ఇద్దరూ సన్నాసి తలగుడ్డ వైపు గౌరవంగా చూశారు.

ఇక ఈగ కావాలి. "కొట్టు కామేశు బేరాల్లేక ఈగలు తోలుకుంటున్నాడని మా అమ్మ నిన్ననే అంది" అన్నాడు పైడన్న. ఇంకేముంది, నేరుగా కొట్టుకి పోయారు. కామేశు బెల్లందిమ్మ పక్కన కూచుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"కామేశన్నా, నీ మందలోంచి మాకు రెండు ఈగలు ఇప్పించు" అన్నాడు గవిరయ్య.

"మందేటి?"

"నువ్వు తోలుకుంటున్నావంట కదా. అన్నీ అడగట్లేదు. సాధువుగా ఉండేవి రెండు చాలు. ఏటిదాకా మేమే తోలుకుపోతాం."

కామేశు ముగ్గురి మొహాలూ చూశాడు. పొద్దుట్నించీ కొట్టుకి వచ్చిన మొదటి మనుషులు వీళ్ళే. "బెల్లం మీదున్నాయి, మీకు నచ్చినవి పట్టుకోండి" అన్నాడు.

నచ్చినవి పట్టుకోమన్నాడు కదా అని గవిరయ్య వాటిని ఏరడం మొదలెట్టాడు. ఇది చిక్కిపోయింది, అది కుంటుతోంది, ఇంకోటి పొగరుమోతులా ఉంది. ఏరి ఏరి ఒకదాన్ని బెల్లంపాకంలో కాళ్ళు అంటుకుపోయి ఉండగా పట్టుకున్నాడు. దారితప్పకుండా దాని కాలికి దారం కట్టాడు. ఈగ ముందు, గవిరయ్య వెనక. గవిరయ్య వెనక కర్ర మోస్తూ పైడన్న. పైడన్న వెనక తువ్వాలు తిప్పుతూ సన్నాసి. దారిలో ఎక్కడ ఈగ కనబడినా "వాలకు, వాలకు, ఇది తాత కర్ర" అని బతిమాలుతూ నడిచాడు.

ఏటిగట్టుకి చేరారు. ఈగని గాలానికి కట్టారు. నీళ్ళమీద వదిలారు. ఆ తర్వాత నోరు మూసుకోవాలి కదా, ముగ్గురూ రెండు చేతులతోనూ నోళ్ళు గట్టిగా మూసుకున్నారు. మరి కర్ర ఎవరు పట్టుకోవాలి? చేతులు ఖాళీ లేవు. పైడన్న దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

చాలాసేపు అలాగే కూచున్నారు. సన్నాసి పాదం మీద చీమలు బారు కట్టాయి. చెయ్యి తీస్తే నోరు తెరుచుకుంటుందని అలాగే ఓర్చుకున్నాడు. ఇంతలో నీళ్ళు చిందాయి. ఒక పెద్ద చేప ఎగిరి ఈగని మింగేసింది. కర్ర వంగింది. ముగ్గురికీ కళ్ళు పెద్దవయ్యాయి. ఒకరికొకరు కళ్ళతో చెప్పుకున్నారు. కళ్ళతో చెబితే చేప రాదు. గవిరయ్య ఇక ఆగలేక చేతులు తీసి అరిచాడు.

"లాగు! పైడిగా, లాగు!"

పైడన్న ఆరోజు పంచె తడుస్తుందని తమ్ముడి ఖాకీలాగు వేసుకొచ్చాడు. అది కాస్త వదులు. మాట వినబడగానే రెండు చేతులతోనూ లాగు పట్టుకుని చూసుకున్నాడు.

"ఊడలేదురా, ఉంది!"

"లాగరా! లాగు, లాగు!"

"పట్టుకున్నానని చెబుతున్నానా! ఎన్నిసార్లు చూసుకోమంటావు?"

అంతే. మోకాళ్ళ మధ్యనుంచి కర్ర జారి ఏట్లోకి పోయింది. చేప దాన్ని ఈడ్చుకుపోతోంది. గవిరయ్యకి మంచం మీద నరసమ్మ మొహం కళ్ళముందు మెదిలింది. ఈత రాదు. అయినా దూకేశాడు.

"మునిగిపోతున్నాను! మునిగిపోతున్నాను!"

అక్కడ నీళ్ళు మోకాలిలోతు. గవిరయ్య అందులో చతికిలబడి చేతులు కొట్టుకుంటున్నాడు.

"లేచి నిలబడరా" అన్నాడు సన్నాసి గట్టుమీంచి.

"మునిగిపోయేవాడు లేచి నిలబడతాడేటి? సిగ్గుండాలి అడగడానికి!"

ఆ మాటా నిజమే కదా అని ఇద్దరూ దిగి, జబ్బలు పట్టి గట్టుమీదికి ఈడ్చారు. చూస్తే గవిరయ్య పంచెలో ఏదో కొట్టుకుంటోంది. గాలం తాడు పంచెకి చుట్టుకుపోయింది. ఆ చుట్టల మధ్య నల్లటి కొర్రమీను, చేతి పొడుగున. వెనకాలే కర్ర కూడా తేలుతూ వచ్చింది. గవిరయ్య తీసి పరీక్షగా చూశాడు. ఒక్క ఈగ కూడా వాలలేదు. ప్రాణం కుదుటపడింది.

ఇప్పుడు ఇంకో చిక్కు. తలా ఒకటి తెమ్మన్నాడు తాత. మూడు తలలున్నాయి, చేప ఒక్కటే ఉంది. సన్నాసే మళ్ళీ దారి చూపించాడు. ముగ్గురూ ఒకరి పక్కన ఒకరు నిలబడి తలలు దగ్గరగా చేర్చారు. చేపని మూడు తలల మీదా అడ్డంగా పడుకోబెట్టారు. తల గవిరయ్య మీద, తోక పైడన్న మీద, నడుము సన్నాసి మీద. అలాగే పీతల్లా పక్కకి నడుచుకుంటూ ఊరు చేరారు. దారిపొడుగునా చేప తోకతో పైడన్న చెంప వాయిస్తూనే ఉంది. "నాకే ఎందుకురా?" అంటే, "నీ వంతుకి తోకొచ్చింది మరి" అన్నాడు గవిరయ్య.

పక్కింటి పారమ్మత్త చేపని చూసి సంబరపడింది. నరసమ్మని లేవనివ్వకుండా తనే కోసి, కడిగి, ఉప్పూ కారం పట్టించి, చింతపండు పులుసులో కుతకుత ఉడికించింది. ఆ వాసనకి నరసమ్మ ఇన్నాళ్ళకి మంచం దిగింది. కుండ దించి మూతపెడుతూ పారమ్మత్త చెప్పింది.

"పిల్లి కంట పడకుండా చూడండి. తొందరపడి ఇప్పుడే తినెయ్యకండే. చేపల పులుసు రేపు తింటే రుచి. ముక్కకి పులుపు పడుతుంది."

అని తన దారిన తను పోయింది.

గవిరయ్య వెంటనే పిల్లిని పట్టుకుని దాని కళ్ళకి గంతలు కట్టాడు. అది కాసేపు గోడలకి గుద్దుకుంది. తర్వాత ముక్కు ఎత్తి వాసన పట్టుకుంటూ నేరుగా కుండ దగ్గరికి పోయి, మూత తోసి, ఒక ముక్క తీసుకుంది.

"పిల్లి తింటోందయ్యా!" అంది నరసమ్మ.

"కంట పడిందా?"

"పళ్ళేదు. గంతలున్నాయి కదా."

"నోట పడితే పడనీ. అత్త నోటి సంగతి చెప్పలేదు."

తెల్లారింది. నరసమ్మ కంచం కడుక్కుని ఆశగా కూచుంది. పైడన్న, సన్నాసి కూడా వచ్చారు. గవిరయ్య గరిట చేత్తో పట్టుకుని ఆగిపోయాడు.

"ఇవాళ ఏ రోజే?"

"ఇవాళే."

"అత్త రేపు తినమంది."

నరసమ్మకి ఎక్కడో అనుమానం తగిలింది. "నిన్న రేపంటే ఇవాళే కదయ్యా?"

గవిరయ్య తడబడ్డాడు. సన్నాసి అందుకున్నాడు. "నిన్నటి రేపు నిన్నతోనే అయిపోయింది చెల్లీ. ఇప్పుడున్నది ఇవాళ్టి రేపు. అది ఇంకా రాలేదు."

నరసమ్మ కంచం బోర్లించి మళ్ళీ మంచమెక్కింది.

ఇలా లాభంలేదని ఆ రాత్రి పైడన్నని ఊరి మొగలో కూచోబెట్టారు. రేపు రాగానే పరుగెత్తుకొచ్చి చెప్పమన్నారు. తెల్లారగానే పైడన్న రొప్పుతూ వచ్చాడు.

"వచ్చిందా?"

"రేపు రాలేదురా. మళ్ళీ ఇవాళే వచ్చింది."

ఇలా నాలుగైదు ఇవాళలు వచ్చాయి. కుండ మీద బుడగలు లేచాయి. వీధిలో పోయేవాళ్ళు ముక్కు మూసుకుని పరుగెత్తుతున్నారు. గంతలు కట్టిన పిల్లి కూడా దారి వెతుక్కుని ఇల్లు వదిలిపోయింది. చివరికి పారమ్మత్త చెంగు ముక్కుకి అడ్డంపెట్టుకుని వచ్చింది.

"ఓరి మీ తెలివి తగలెయ్య! ఇంకా తినలేదేటి? ముందు దాన్ని తీసుకుపోయి ఏట్లో కలిపెయ్యండి!"

ఇంకేముంది, కుండ ఎత్తుకుని, నరసమ్మనీ వెంటబెట్టుకుని నలుగురూ ఏటికి పోయారు. గవిరయ్య పులుసు నీళ్ళలో పోశాడు. పైడన్న, సన్నాసి చెరో తెడ్డూ పట్టుకుని కలపడం మొదలెట్టారు. కలిపి కలిపి జబ్బలు పడిపోయాయి.

"బాగా కలిసిందా?"

"అడుగున అంటుతోంది. ఇంకొంచెం తిప్పు."

నరసమ్మ గట్టుమీద కూచుని చూస్తోంది. ఏటిగాలికి ఆమెకి ఒక్కసారిగా ఆకలి పుట్టింది. తనకోసం గవిరయ్య మూటకట్టి తెచ్చిన అన్నం ఉంది. కాస్త ఎగువకి జరిగి, దోసెడు నీళ్ళు అన్నంలో పోసుకుని ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది.

"ఎలా ఉందే?" అన్నాడు గవిరయ్య భయంభయంగా.

"పలచగా ఉంది" అంది నరసమ్మ. "అయినా ఏటి చేప రుచి తెలుస్తోందయ్యా."

కడుపునిండా తింది. వాంతి రాలేదు. మూతి తుడుచుకుని చిన్నగా నవ్వింది. గవిరయ్యకి కళ్ళు చెమర్చాయి. నెలరోజుల బెంగ ఆ నవ్వుతో తీరిపోయింది. అప్పుడే అతని చూపు ఏటి మీద పడింది.

"ఒరే, పులుసంతా కిందికి పోతోందిరా!"

ముగ్గురూ చూశారు. నిజమే. పులుసు ఆగకుండా దిగువలస వైపు పారుతోంది.

"పోనీలే. మనం ఇంత ఏం చేసుకుంటాం" అన్నాడు సన్నాసి.

"పోతే పోనీ, పాపం వాళ్ళకి తెలీదు కదరా! మిట్టమధ్యాహ్నం అయింది. ఇంత పులుసు ఊళ్ళోకి వస్తుంటే ఒక్కరైనా అన్నం వండుకుని ఉంటారా?"

అంతే. తెడ్లు భుజాన వేసుకుని గట్టువెంట పరుగందుకున్నారు. పులుసు కంటే ముందు చేరాలని రాళ్ళూ ముళ్ళూ చూడకుండా పరుగెత్తారు. దిగువలస రేవులో ఆడవాళ్ళు బట్టలుతుకుతున్నారు.

"అమ్మా! అన్నం వండుకోండి! పులుసొస్తోంది!" అని కేకపెట్టాడు గవిరయ్య.

"ఏం పులుసు?" అందొకామె చేతిలో బట్ట పట్టుకుని.

"చేపల పులుసు! ఇందులోనే వస్తోంది! త్వరగా పోండి!"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఏటివైపు చూశారు. తర్వాత బట్టలు రాళ్ళమీద అలాగే వదిలేసి, ఎసరు పెట్టడానికి ఇళ్ళకి పరుగెత్తారు.

వెనకబడ్డ ముసలమ్మ ఒకతి ఆగి, నిండుగా పారుతున్న ఏటిని ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా చూసి, కోడలికి కేకేసింది.

"ఒలే, పులుసు బాగానే పంపించినట్టున్నారే! ఇంకో తవ్వెడు బియ్యం ఎక్కువ పొయ్యి!"