హమాలీ చేతులు

చర్చి పాస్టరు పరంజ్యోతి అయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ల చేతికి ఏదో ఒక పని అప్పజెబుతారు. జవాబు సంగతి తర్వాత.

ఆయన దగ్గర సేవ నేర్చుకుంటున్న నతానియేలు మంచి మాటకారి. ఏడాదిగా ప్రసంగాలు చేస్తున్నాడు గాని, ప్రభువు బల్ల దగ్గర నిలబడి రొట్టె, ద్రాక్షరసం పంచే పని అయ్యగారు ఇంకా ఇవ్వలేదు. అదే అతని బాధ. ఆ ఆదివారం ఆరాధనకి ముందు రసం గిన్నెల పళ్లాన్ని ఒంటిచేత్తో ఊపుకుంటూ తెచ్చి బల్ల మీద టక్కున పెట్టాడు. రసం కాస్త తొణికింది.

"కొంచెం భయం ఉండాలయ్యా," అన్నారు అయ్యగారు.

"దేవుడు మన తండ్రి కదండీ! ప్రేమించే తండ్రి దగ్గర భయమెందుకండీ? కొడతాడనా?"

అయ్యగారు తొణికిన రసాన్ని గుడ్డతో తుడిచారు. అంతలో రైసుమిల్లు హమాలీ యోబు, అతని భార్య రూతమ్మ గుమ్మంలోకి వచ్చారు. ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయాక దక్కిన ఆడపిల్లని, నెల దాటాక, ప్రార్థన కోసం తొలిసారి మందిరానికి తెచ్చారు. యోబంటే మాటలా! క్వింటా బస్తాని వీపునేసుకుని ఈల వేస్తూ లారీకెక్కించే మనిషి. అంతటివాడూ రూతమ్మ బిడ్డని అందించబోతే రెండడుగులు వెనక్కేశాడు. చివరికి ఎత్తుకున్నాడు గాని, మోచేతుల దాకా ఒకటే వణుకు.

నతానియేలుకి నవ్వాగలేదు. "ఏం యోబన్నా, ఈ పిల్ల నిన్ను కొడుతుందా ఏంటి?"

"దెబ్బకి కాదు బ్రదరూ," అన్నాడు యోబు, బిడ్డ మీంచి చూపు తిప్పకుండానే. "ఇంతటిది నా చేతికి దక్కిందే అని."

"నతానియేలూ, బిడ్డని నువ్వు తీసుకురా," అని బల్ల దగ్గర్నుంచి పిలిచారు అయ్యగారు.

అతను ఎత్తుకున్నాడు. మెడ ఇంకా నిలవని తల మణికట్టు మీద వాలింది. పిల్ల కళ్లు తెరిచి అతని మొహంలోకి చూసింది. గుమ్మం నుంచి బల్ల దాకా ఉన్నది ఇరవై అడుగులే. ప్రతి అడుగూ చూసి చూసి వేశాడు. బల్ల ముందు ఆగేసరికి నుదుటి మీద చెమట.

"అయ్యగారూ, చేతులు వణుకుతున్నాయండీ," అన్నాడు మెల్లగా.

అయ్యగారు బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి తల్లికి అప్పగించారు. తర్వాత రసం పళ్లెం తీసి అతని ముందుకి జరిపారు.

"వణకనీ నాయనా. ఇవాళ బల్ల దగ్గర నువ్వే నిలబడు."