అయిదు సున్నలు

ఫల్గుణరావు కోపంతో వచ్చాడని దేవసహాయం మాస్టారికి గేటు చప్పుడే చెప్పింది.

మధ్యాహ్నం రెండు గంటలు. ఏలూరులో చర్చి వెనుకనున్న పాత సిమెంటు కోర్టులో, డెబ్బైయెనిమిదేళ్ళ మాస్టారు స్టూలెక్కి రింగుకు కొత్త వల కడుతున్నారు. ఫల్గుణరావు ఒకప్పుడు ఆ కోర్టులోనే, ఆయన దగ్గరే ఆట నేర్చుకొన్నవాడు. పదకొండేళ్ళుగా ఊళ్ళోని మహిళా కళాశాలలో బాస్కెట్‌బాల్ కోచ్. మొన్ననే అతడి జట్టు విశ్వవిద్యాలయ కప్పు గెలుచుకొన్నది. కళాశాల పుట్టి అరవై ఏళ్ళయినా, ఆ కప్పు దాని గడప తొక్కడం అదే మొదలు.

"ఇది చూడండి, మాస్టారూ!" అంటూ అతడు ఒక ఆహ్వానపత్రికను ఆయన ముఖం ముందు ఆడించాడు. "సాయంత్రం అయిదింటికి విజయోత్సవ సభ. అధ్యక్షుల పేరుంది. కార్యదర్శి పేరుంది. కార్యదర్శి బావమరది పేరుంది. షామియానా వేసేవాడి పేరు సైతం అడుగున అచ్చు వేయించారు. నా పేరేదీ?"

మాస్టారు స్టూలు దిగి, కళ్ళజోడు సవరించుకొని, పత్రికను రెండు వైపులా చూశారు.

"లేదు," అన్నారు. "అన్యాయమే."

ఆ ఒక్క మాటతో అతడి కోపం మరింత పెట్రేగింది.

పదకొండేళ్ళు! రోజూ తెల్లవారగానే కోర్టు ఊడ్చినవాడెవడు? వాన వెలిసిన ప్రతిసారీ నిలిచిన నీళ్ళను చీపురుతో తోసినవాడెవడు? కన్నకూతురి అక్షరాభ్యాసం నాడు కూడా జట్టును వెంటబెట్టుకొని పరాయి ఊళ్ళో పోటీకి పోయినవాడెవడు? బంతిలో గాలి ఉన్నదో లేదో నొక్కి చూడడం కూడా రాని కార్యదర్శి, "ఇదంతా మా దూరదృష్టి" అని విలేఖరులతో చెప్పుకొంటాడా?

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "రాజీనామా. సభ నిండుగా ఉన్నప్పుడు, వేదికమీదనే ఆయన చేతిలో పెడతాను. వచ్చే నెల దక్షిణమండలం పోటీలకు జట్టును ఆ బావమరదినే తీసుకుపొమ్మనండి!"

"మరి పిల్లలో?"

"పిల్లల మాట ఎత్తకండి, మాస్టారూ. వాళ్ళకోసమే కదా ఇన్నాళ్ళు నోరు మూసుకొన్నాను." చంకలోని దినపత్రికను విప్పాడు. ఫొటోలో బంతి ఇంకా వలలోంచి జారుతూనే ఉంది. కెప్టెన్ తులసి పరుగెత్తబోతూ, పక్కకు తిరిగి ఎవరివైపో వేలు చాచింది. "ఈ అమ్మాయిని కనిపెట్టింది నేను. విలేఖరితో అదే చెప్పాను. ఆ ఒక్క ముక్కైనా నా పేరుతో పడింది. అంతవరకు నయం."

మాస్టారు ఆ ముక్క చదివారు. "మీ కళాశాలకు రాకముందే ఈ అమ్మాయికి ఆట వచ్చా?"

"వచ్చు. గుండుగొలను హైస్కూల్లో ఎవరో డ్రిల్లు టీచరమ్మ నేర్పింది. ఎంపికలనాడు మోపెడ్ వెనకాల కూర్చోబెట్టుకొని తీసుకువచ్చింది కూడా ఆవిడే."

"పేరు?"

"ఎవరికి గుర్తండీ! మూడేళ్ళ మాట. ఇప్పుడు ఆవిడ సంగతెందుకు? నేను రాజీనామా ఇవ్వనా, మాననా? అది చెప్పండి."

మాస్టారు దినపత్రికను స్టూలుమీద పెట్టి, బంతి తీసుకొని కోర్టు అంచుకు నడిచారు.

"ఆ గీత దగ్గర నిలబడు," అని బంతి అందించారు. "వెయ్యి."

ఫల్గుణరావు విసుక్కొంటూనే వేశాడు. బంతి రింగునైనా తాకకుండా కొత్త వలలోంచి జారిపడింది.

"సున్న," అన్నారు మాస్టారు.

"పడింది కదండీ!"

"వెయ్యి."

మాస్టారు మళ్ళీ అందించారు. మళ్ళీ పడింది.

"సున్న."

"కంటి ఆపరేషను కుదరలేదా యేమిటి, మాస్టారూ?"

"భేషుగ్గా కుదిరింది. వెయ్యి."

మూడోది పడింది. సున్న. నాలుగోది, పట్టుదలకొద్దీ, దూరపు గీత వెలుపలికి పోయి వేశాడు. అదీ పడింది. అదీ సున్నే.

అతడి ముఖం జేవురించింది. "అక్కడ ఆ కార్యదర్శి, ఇక్కడ మీరు! పడ్డదాన్ని పడలేదంటే ఇంక న్యాయమెక్కడున్నది? చిన్నప్పటినుంచి మీరే దిక్కనుకొన్నాను!"

"ఇంకొక్కటి," అన్నారు మాస్టారు.

అయిదోది వేశాడు. వల ఒక్కసారి చప్పుడు చేసి ఊరుకొంది.

"సున్న."

బంతి దొర్లుకొంటూ గోడదాకా పోయింది. మాస్టారు కదలలేదు. బంతి అందించిన చోటనే, చేతులు ఇంకా సగం చాచి, అతడివైపే చూస్తూ నిలబడ్డారు.

ఆ నిలుచున్న తీరును ఫల్గుణరావు ఎక్కడో చూశాడు.

పదిహేడేళ్ళ వయస్సులో, ఇదే కోర్టులో, ఒక సాయంత్రం తాను పద్దెనిమిది పాయింట్లు చేశాడు. మాస్టారు నల్లబల్లమీద అతడి పేరుకెదురుగా సున్న చుట్టారు. బంతి వేసినవాడు వెనక్కు పరుగెత్తేముందు, దాన్ని అందించినవారివైపు వేలు చాచి చూపాలి. చూపనిది ఈ కోర్టులో లెక్కకు రాదు. ఆనాడు ఏడ్చుకొంటూ ఇంటికి పోయాడు. ఆ నియమాన్నే పదకొండేళ్ళుగా తన పిల్లలకు నేర్పుతున్నాడు. మరచిన పిల్లచేత కోర్టు చుట్టూ రెండు చుట్లు పరుగెత్తిస్తున్నాడు.

స్టూలుమీద, దినపత్రికలో, తులసి వేలు చాచే ఉంది.

అతడు ఫోను తీశాడు.

"తులసీ, నేనమ్మా."

"సార్! సభకు తెల్ల జెర్సీలా, నీలం జెర్సీలా? ఇక్కడ వీళ్ళు కొట్టుకుచస్తున్నారు సార్!"

"అది తరవాత. మీ ఊరి హైస్కూల్లో నీకు ఆట నేర్పిన టీచరుగారి పేరేమిటి?"

అవతల సందడి ఆగింది.

"మంగతాయారు టీచరండీ," అన్నది తులసి, గొంతు తగ్గించి. "మీరెప్పుడూ అడగలేదు సార్."

"ఇప్పుడు ఇంటి దగ్గర ఉంటారా?"

"ఉంటారండీ. ఇవాళ ఆదివారం కదా."

రాసుకోవడానికి కాగితంకోసం జేబులు తడుముకొన్నాడు. రాజీనామా తప్ప వేరే కాగితం లేదు. దాన్ని మోకాలిమీద వెనక్కు తిప్పి పెట్టి, ఆ పేరును అక్షరమక్షరం విడమరచి రాశాడు. గడియారం చూసుకొన్నాడు. మూడు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. గుండుగొలను బస్సులో అరగంట; సభ అయిదింటికి.

మాస్టారు గోడ దగ్గరికి నడిచి, వంగి, బంతి తీసి అతడికి అందించారు.

"ఇప్పుడు వెయ్యి," అన్నారు.