ముంగిస ఫోనులో పట్టిన పేజీ

అనగనగా ఒక అడవిలో ఎర్రవాగు అనే వాగు ఉండేది. ఆ అడవికి ఒక వెబ్‌సైట్ కూడా ఉండేది. అడవికి వెబ్‌సైట్ ఎందుకని అడుగుతారేమో, చెబుతాను వినండి.

ఎర్రవాగు మామూలు రోజుల్లో బుద్ధిగానే పారుతుంది. కానీ ఎగువన కొండల్లో వాన పడిందంటే, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు వచ్చి పడతాయి. ఇవతలి గట్టున అందరి గుహలు, బొరియలు ఉన్నాయి. మేత, పళ్ళు, పురుగులు అవతలి గట్టున ఉన్నాయి. రోజూ అందరూ వాగు దాటాల్సిందే. దాటే చోట్లు మూడు. ఒకటి రాళ్ళబాట. రెండోది ఇసుకమేట. మూడోది మద్దిమాను. ఎప్పుడో గాలివానకు పడిపోయిన మద్దిచెట్టు వాగుకు అడ్డంగా వంతెనలా ఉండిపోయింది, అదే మద్దిమాను.

నిలువయ్య అనే కొంగ పొద్దంతా ఆ మూడుచోట్లా మార్చి మార్చి వాగులో నిలబడి ఉండేవాడు. నీళ్ళు తన కాలికి ఎంతదాకా వచ్చాయో చూసి ఫోనులో చెప్పేవాడు. మోకాలి కింద ఉంటే అందరూ దాటవచ్చు. మోకాలి పైకి వస్తే పెద్దవాళ్ళే దాటాలి. పొట్టను తాకితే ఎవరూ దిగకూడదు. ఆ మాటను వెబ్‌సైట్‌లో రాయడం సూదమ్మ పని.

సూదమ్మ ఒక ఏదుపంది. ఆ అడవిలో వెబ్‌పేజీ కట్టడం వచ్చింది ఆమె ఒక్కతెకే. ఎవరూ నేర్పలేదు. తనంతట తానే చదువుకుని, చెరిపి రాసి, రాసి చెరిపి నేర్చుకుంది. పేజీలో ఏ మాటలు ఉండాలో ఒకచోట రాస్తారు. ఆ మాటలు ఎంత పెద్దగా ఉండాలో, ఏ రంగులో ఉండాలో, దేని పక్కన ఏది కూర్చోవాలో ఇంకోచోట రాస్తారు. ఆ రెండో రాతను సీఎస్ఎస్ అంటారు. అందులో సూదమ్మది చెయ్యి తిరిగిన పని.

అడవికి పెద్ద గుట్టయ్య అనే ఏనుగు. గుట్టయ్య స్క్రీన్ తలుపంత ఉండేది. సూదమ్మ ఆయన దగ్గరే కూర్చుని, ఆ స్క్రీన్ మీదే పేజీ కట్టింది. పైన వాగు బొమ్మ. దాని కింద ఎడమవైపు దాటే చోటు పేరు, మధ్యలో నీళ్ళు ఎంత ఉన్నాయో, కుడివైపు చివర దాటవచ్చో కూడదో. పేజీ వెడల్పు పన్నెండు వందల పిక్సెళ్ళు అని లెక్క వేసి బిగించేసింది. పిక్సెల్ అంటే స్క్రీన్ మీద వెలిగే చిన్న చుక్క. గుట్టయ్య స్క్రీన్‌లో ఆ పేజీ అచ్చు పోసినట్టు కూర్చుంది.

ఏనుగులు మెచ్చుకున్నాయి. దుప్పులు మెచ్చుకున్నాయి. సూదమ్మ నడుస్తుంటే గర్వంతో ముళ్ళన్నీ గలగలలాడేవి. ఆ గర్వం తప్పేమీ కాదు. అంత మంచి పని చేసినవాళ్ళకు ఆ మాత్రం ఉండాలి కూడా.

ఒకరోజు రేగులు అనే ముంగిస సూదమ్మ దగ్గరకు వచ్చింది. రేగులుకు ఇద్దరు పసిపిల్లలు. దాని ఫోను రేగాకు కంటే కాస్త పెద్దగా ఉంటుందేమో, అంతే. ఆ ఫోనులో పేజీ తెరిస్తే అక్షరాలు ఇసుక రేణువుల్లా కనిపిస్తున్నాయట. వేళ్ళతో పెద్దవి చేసుకుంటే కుడివైపు గడి స్క్రీన్ దాటి బయటికి పోతోందట. జరిపి ఆ గడి చూస్తే, ఎడమవైపు చోటు పేరు పోతోందట. "దాటవచ్చు" అన్న మాట కనిపిస్తుంది కానీ, ఎక్కడ దాటవచ్చో తెలియడం లేదని చెప్పుకుంది.

సూదమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంకాస్త పెద్ద ఫోను తీసుకోరాదా అంది.

రేగులు తన రెండు చేతులూ చాపి చూపించింది. "నాకున్న చేతులు ఇవే అక్కా. ఇంతకంటే పెద్ద ఫోను వీటిలో పట్టదు" అంది.

సూదమ్మ చూస్తానని చెప్పి పంపించి, ఆలోచనలో పడింది.

దారులు రెండు కనిపించాయి. ఒకటి, కట్టిన పేజీని విప్పేసి, ఏ స్క్రీన్‌కు తగ్గట్టు ఆ స్క్రీన్‌లో సర్దుకునేలా మళ్ళీ మొదటి నుంచి కట్టడం. అది సీఎస్ఎస్‌లో చేయవచ్చని సూదమ్మకు తెలుసు. కానీ వారం పైనే పడుతుంది. అందరూ మెచ్చుకున్న పేజీని తన చేతులతోనే విప్పాలి. రెండో దారి సులువు. ఉన్న పేజీని అలాగే ఉంచి, మధ్యరకం ఫోన్లున్న దుప్పులకు ఒక పేజీ, చిన్నవాళ్ళకు ఇంకో పేజీ విడిగా చేసి పెట్టడం. దానికి ఒక్క రోజు చాలు.

సూదమ్మ రెండో దారి పట్టింది. పిల్లలూ, ఇక్కడే గమనించండి. సులువని పట్టిన దారి అది.

కొత్త పేజీలు చూసి రేగులు సంతోషించింది. అంతా బాగానే జరిగిపోయింది. నిలువయ్య ఒక మాట చెబితే సూదమ్మ మూడుచోట్ల రాయాలి. మొదట పెద్ద పేజీలో, తర్వాత దుప్పుల పేజీలో, చివరికి చిన్నవాళ్ళ పేజీలో. విసుగు పనే, అయినా రాసేది.

వానాకాలం మొదట్లో తూర్పు కొండ నుంచి అడవిదున్నలు చుట్టపుచూపుగా వచ్చాయి. వాటి కొండ కింద కూడా ఒక వాగు ఉంది. ఎర్రవాగు వెబ్‌సైట్ గురించి విని, చూసిపోదామని వచ్చాయి. గుట్టయ్య వాటిని తన స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, మా సూదమ్మ కట్టిందని చెప్పి పొంగిపోయాడు.

మిట్టమధ్యాహ్నం నిలువయ్య ఫోను చేశాడు. రాళ్ళబాట దగ్గర నీళ్ళు పొట్టను తాకాయన్నాడు. సూదమ్మ వెంటనే పెద్ద పేజీలో రాసింది. దున్నల కళ్ళెదుటే ఆకుపచ్చగా ఉన్న గడి ఎర్రగా మారింది. దున్నలు తలలూపాయి. సూదమ్మ దుప్పుల పేజీలోనూ రాసింది. అంతలో ఒక దున్న, ఆ రంగు దానంతట అదే ఎలా మారిందమ్మా అని అడిగింది. అడిగితే చెప్పకుండా ఉంటుందా? సూదమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఎరుపు గురించి చెప్పింది, ఆకుపచ్చ గురించి చెప్పింది, అక్షరాల గురించి చెప్పింది.

మూడో పేజీ అలాగే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే రేగులు అవతలి గట్టు మీద నిలబడి ఫోను చూసుకుంది. "రాళ్ళబాట. మోకాలి కింద. దాటవచ్చు" అని ఉంది. పిల్లలిద్దరినీ వీపు మీదికి ఎక్కించుకుని వాగులోకి దిగింది. నాలుగు రాళ్ళు దాటిందో లేదో, నీళ్ళు దాన్ని ఎత్తి పడేశాయి.

నిలువయ్య చూసి అరిచాడు. ఆ అరుపు విని గుట్టయ్య పరుగెత్తాడు. వాగు మధ్యలో రేగులు ఒక రాతిని కరుచుకుని ఉంది. పిల్లలు దాని మెడ పట్టుకుని వేలాడుతున్నాయి. గుట్టయ్య వాగులోకి దిగి, తొండం చాచి ముగ్గురినీ ఒక్కసారే చుట్టి పైకి తీశాడు. పిల్లలు దగ్గాయి, తుమ్మాయి, ఆ తర్వాత ఏడ్చాయి. ఏడుపు విన్నాక అందరికీ ప్రాణం లేచివచ్చింది.

రేగులు వణుకుతూ తనను తానే తిట్టుకుంది. సరిగా చూసుకోకుండా దిగానని, పిల్లల్ని చంపుకునేదాన్నని అంది. చిన్న ఫోను, చిన్న అక్షరాలు, పొరపాటు పడి ఉంటావులే అని గుట్టయ్య ఓదార్చాడు.

సూదమ్మ కాస్త దూరంగా నిలబడి చిన్నవాళ్ళ పేజీ తెరిచి చూసింది. "దాటవచ్చు" అని ఇంకా అలాగే ఉంది. రేగులు ఫోను వాగులో కొట్టుకుపోయింది. ఇప్పుడు గబుక్కున దిద్దేస్తే ఎవరికీ తెలియదు. పక్కనే దున్నలు ఉన్నాయి. వాటి ముందు పరువు నిలుస్తుంది.

సూదమ్మ ముందు ఆ గడిని ఎర్రగా మార్చింది, ఇంకెవరూ దిగకుండా. మార్చి, అందరి మధ్యలోకి వచ్చింది.

"రేగులూ, నువ్వు సరిగానే చూశావు. నేనే రాయలేదు. నా గొప్పలు చెప్పుకుంటూ నీ పేజీ మరిచిపోయాను" అంది.

రేగులు పిల్లల్ని పొదువుకుని సూదమ్మ వైపు చూసింది. కోప్పడలేదు. క్షమించాననీ అనలేదు. పిల్లల్ని ఆరబెట్టుకోవడానికి బొరియకు వెళ్ళిపోయింది.

ఇకమీదట కాస్త జాగ్రత్తగా ఉంటే సరిపోతుందని గుట్టయ్య అన్నాడు. సూదమ్మ తల అడ్డంగా ఊపింది. "జాగ్రత్త చాలదు పెద్దయ్యా. ఒకే మాటను మూడుచోట్ల రాస్తున్నంత కాలం, ఏదో ఒకరోజు ఒకచోట మరిచిపోతాం. మాట ఒక్కచోటే ఉండాలి. ఏ స్క్రీన్‌కు ఎలా కనబడాలో పేజీయే సర్దుకోవాలి" అంది.

ఆ సాయంత్రమే మూడు పేజీలనూ తీసేసింది. తన అందమైన పేజీ పోయిందని గుట్టయ్యకు బాధగానే ఉంది. అయినా మాట అనకుండా, కొత్త పేజీ వచ్చేదాకా రాళ్ళబాట దగ్గర తానే కాపలా ఉంటానన్నాడు. మిగతా రెండుచోట్లా వేరే ఏనుగులను పెట్టాడు. తొమ్మిది రోజులు అలా నిలబడ్డాడు. ఉడుతలు, తొండలు, కుందేళ్ళు, ఎలుకలు, వాటి పిల్లలు వచ్చి దాటవచ్చా తాతా అని అడిగి వెళ్ళేవి. మూడో రోజు ఆయన సూదమ్మతో ఒక మాట అన్నాడు. ఇన్నేళ్ళుగా పెద్దరికం చేస్తున్నా, ఇంతమంది చిన్నవాళ్ళు రోజూ ఈ వాగు దాటుతున్నారని ఇప్పుడే తెలిసిందట.

సూదమ్మ ఈసారి గుట్టయ్య స్క్రీన్ ముందు కూర్చోలేదు. రేగులు బొరియ ముందు కూర్చుంది. రేగులుకు మళ్ళీ అంతే చిన్న ఫోను దొరికింది. దాన్ని అడిగి తీసుకుని, దానిలో ముందు కట్టింది.

ఈసారి వెడల్పును పిక్సెళ్ళలో బిగించలేదు. స్క్రీన్ ఎంత ఉంటే అంతలో నీ వాటా తీసుకో అని రాసింది. మూడు చోట్లకు మూడు పెట్టెలు చేసింది. ఒక్కో పెట్టెలో పైన పేరు, దాని కింద నీళ్ళు, దాని కింద దాటవచ్చో కూడదో. అన్నీ ఒకేచోట కనిపిస్తాయి, జరపాల్సిన పని లేదు. చిన్న ఫోనులో పెట్టెలు ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. ఆ తర్వాత సీఎస్ఎస్‌లో ఇంకో మాట చేర్చింది. స్క్రీన్ ఆరువందల పిక్సెళ్ళు దాటితే పెట్టెలు రెండేసి పక్కపక్కన కూర్చోవాలి. వెయ్యి దాటితే మూడూ ఒకే వరుసలో కూర్చోవాలి.

చెప్పినంత తేలిగ్గా ఏమీ జరగలేదు. పెట్టెలు లొంగాయి కానీ పైనున్న వాగు బొమ్మ లొంగలేదు. ముంగిస ఫోనులో సగం బయటికి పొడుచుకువచ్చింది. బొమ్మ స్క్రీన్ కంటే ఎప్పుడూ వెడల్పు కాకూడదని రాస్తే దారికి వచ్చింది. గుట్టయ్య స్క్రీన్‌లో చూస్తే ఇంకో తంటా. వాక్యాలు ఈ చివర నుంచి ఆ చివరకు సాగిపోయి, చదవాలంటే ఏనుగు తల తిప్పాల్సివచ్చింది. దానికీ ఒక హద్దు పెట్టింది. ప్రతిదీ రేగులు చేతికిచ్చి చదివించింది. అక్షరాలు కనిపించడం లేదంటే మారుమాట లేకుండా దిద్దింది. ఆరో రోజు రేగులు రెండు నేరేడు పళ్ళు తెచ్చి సూదమ్మ పక్కన పెట్టి, తినమని చెప్పింది. వాళ్ళిద్దరి మధ్య క్షమాపణ అంతటితో అయిపోయింది.

పదో రోజు ఎగువన పెద్ద వాన పడింది. ఎర్రవాగు ఉరుముతూ వచ్చింది. మూడుచోట్లా నీళ్ళు పొట్టను తాకాయని నిలువయ్య చెప్పి ఎగిరిపోయాడు. సూదమ్మ ఆ మాటను ఒక్కచోట రాసింది. ఒక్కసారే రాసింది. ఏనుగుల స్క్రీన్లలో, దుప్పుల ఫోన్లలో, ముంగిస ఫోనులో, ఎలుక ఫోనులో ఒక్క క్షణంలో మూడు పెట్టెలూ ఎర్రబడ్డాయి. వాగుకు రెండువైపులా పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మూడు రోజులు వాగు తగ్గలేదు. ఒక్క ప్రాణి కూడా నీళ్ళలో పడలేదు.

గుట్టయ్య స్క్రీన్‌లో పేజీ మునుపటిలాగే అందంగా ఉంది. ఎలుక ఫోనులో కూడా అంతే అందంగా ఉంది. దాన్ని చూసుకుని సూదమ్మ మళ్ళీ గర్వపడింది. ఈసారి అడవి అంతా ఆమెతో కలిసి గర్వపడింది. మా సూదమ్మ, మా పేజీ అని ఎలుకలు కూడా చెప్పుకున్నాయి.

కొన్నాళ్ళకు అడవిదున్నలు మళ్ళీ వచ్చాయి. తమ కొండకు కూడా అలాంటి పేజీ కట్టిపెట్టమని అడిగాయి. పని మొదలుపెట్టడానికి తమ దగ్గర ఏనుగుల స్క్రీన్ కంటే పెద్ద స్క్రీన్ ఉందని చెప్పాయి.

సూదమ్మ అంతా విని ఒకటే అడిగింది. "మీ కొండ మీద అందరికంటే చిన్న ఫోను ఎవరిది?"

దున్నలకు తెలియదు. తెలుసుకుని వస్తామని వెళ్ళి, మూడు రోజులు కొండంతా తిరిగి, ఒక చుంచెలుకను వెంటబెట్టుకుని వచ్చాయి. పెద్దల మధ్య నిలబడి చుంచెలుక బిత్తరపోయి చూస్తోంది. దాని ఫోను చింతగింజంత ఉంది.

సూదమ్మ దాన్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది. "నీ పేరేమిటి తల్లీ? నీ ఫోను ఇలా ఇవ్వు. నీ దగ్గరే మొదలుపెడదాం" అంది.

నీతి: పదిమంది కోసం చేసే పనిని ఆ పదిమందిలో చిన్నవాడి దగ్గర మొదలుపెట్టాలి, అతనికి అందిన పనిని చూసుకునే గర్వపడాలి.