చివరి ప్రయాణికుడు దిగేదాకా

ప్రసూనకి కడుపులో మొదటిసారి దేవినట్టయింది ఎప్పుడంటే, వాళ్ళ నాన్న సన్యాసిరావు మీసం దువ్వుకుని, "మాకెందుకమ్మా ఇన్నిసార్లు చెప్తావు? మాటంటే మాటే మాకు. నువ్వు ఏదంటే అదే, పొల్లుపోకుండా చేస్తాం," అన్నాడే, సరిగ్గా అప్పుడు.

అప్పటికి సముద్రం కూడా కనపడలేదు. అనకాపల్లిలో, సొంతింట్లో, మడతమంచం మీద కూర్చునుంది పిల్ల. అయినా దేవింది.

దేవదా మరి! ఆ ఇంటి చరిత్ర ఆ పిల్లకి తెలీదా? సన్యాసిరావుది బెల్లం వ్యాపారం. దిమ్మలు ఎన్ని అమ్మాడో ఎప్పుడూ చెప్పడు గానీ, "మా కొంపలో ఉన్నంత తెలివి ఈ జిల్లాలో లేదు" అని మాత్రం రోజూ చెప్తాడు. రుజువు అడిగితే బావమరిది అప్పలకొండని చూపిస్తాడు. ఒకసారి కరెంటు పనివాడు "ఈ తీగ వదలకుండా పట్టుకోండి, ఇప్పుడే వస్తా" అని చెప్పి టీకి పోయాడు. పోయినవాడు పోయినట్టే సొంతూరు పోయాడు. అంతే! అప్పలకొండ మర్నాడు మధ్యాహ్నం దాకా తీగ వదల్లేదు. అక్క నూకరత్నం అన్నం ముద్దలు నోట్లో పెట్టింది. "మనిషన్నాక అలా ఉండాలి" అని వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయారు.

ఇంక ప్రసూన. ఈమధ్యే బీకాం పాసయింది. "ఈ ఇంట్లో బుర్రున్నది నాకొక్కదానికే" అని ఆ పిల్లకి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే విశాఖపట్నంలో టూర్ల ఆఫీసులో చేరింది. ఓడ ప్రయాణాలు అమ్మే ఆఫీసు అది. చేరిన దగ్గర్నుంచీ ఒక్క టిక్కెట్టూ అమ్మలేకపోయింది. ఆఖరికి ఏం చేస్తుంది పాపం, సొంతవాళ్ళకే అంటగట్టింది.

ఓనరు డేనియల్ గారు పిలిచి చెప్పారు. "చూడమ్మా, ఇది నీ మొదటి బుకింగు. వీళ్ళతోపాటు నువ్వూ వెళ్ళు. గొడవ లేకుండా చెన్నై తిప్పి తీసుకొచ్చావా, నీ ఉద్యోగం ఖాయం. గొడవ అయిందా, ఇంటికెళ్ళి బెల్లం అమ్ముకో. ఒక్కటే మాట గుర్తుపెట్టుకో. చివరి ప్రయాణికుడు దిగేదాకా నువ్వు ఓడ దిగకూడదు."

"అలాగే సార్," అంది ప్రసూన. మాటంటే మాటే కదా ఆ ఇంట్లో.

అందుకే ఆ రోజు నలుగుర్నీ కూర్చోబెట్టి, మొదటిసారి ఓడెక్కేవాళ్ళు తెలుసుకోవాల్సినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. "తిండికి వేరే డబ్బు కట్టక్కర్లేదు, అంతా టిక్కెట్లోనే ఉంటుంది. పెట్టెలు మీరు మొయ్యక్కర్లేదు, గేటు దగ్గర వదిలేస్తే అవే గదికి వచ్చేస్తాయి. ఫోను విమానం మోడ్‌లో పెట్టుకోండి, లేకపోతే సముద్రం మధ్యలో బిల్లు పేలిపోతుంది. ఓడ దిగాక తియ్యండి. ఓడకి సరిగ్గా మధ్యలో ఉంటే కుదుపు తెలీదు, వాంతులు రావు. నీళ్ళల్లో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ విప్పకూడదు."

నాన్నమ్మ పైడితల్లి బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మా, ఇదేటి పెద్ద ఇద్దెటే గుంటా? నాకన్నీ అర్దమైపోనాయి!"

అర్థమైపోయాయట. ఇంకేముంది, ప్రయాణం మొదలైంది.

విశాఖ రేవులో గేటు దగ్గర ఆఫీసరు టిక్కెట్లు అడిగాడు. సన్యాసిరావు తల్లి వంక చూశాడు. పైడితల్లి నోరు తుడుచుకుంది.

"మామ్మా, టిక్కెట్లేవే?" అంది ప్రసూన.

"తిన్నాను. పొద్దుట్నుంచీ ఆకలేస్తంది. తిండంతా టిక్కెట్లోనే ఉందన్నావు గదే?"

"కాయితాన్ని తిన్నావా!"

"ఉప్పు లేదు, కారం లేదు. మీ ఓడోళ్ళకి వంట రాదే."

నూకరత్నం వెంటనే అందుకుంది. "నేను చెప్తూనే ఉన్నానండీ, చారులో నానబెట్టి తినమని. ఎవరు వింటారు నా మాట?"

ప్రసూన ఫోన్లో నకళ్ళు ఉన్నాయి కాబట్టి బతికిపోయింది. తీరా లోపలికి అడుగుపెడుతుంటే చూసింది, నాన్న చేతుల్లో ఏమీ లేదు.

"నాన్నా, పెట్టెలు?"

"రోడ్డు మీద గేటు బయట వదిలేశానమ్మా. అవే వస్తాయిగా?"

"వాటంతట అవే ఎలా వస్తాయి నాన్నా! అక్కడ పనివాళ్ళ చేతికివ్వాలి!"

"కంగారుపడకు. ఊరికే వదిలేస్తానా, నాకా మాత్రం తెలివి లేదా? గది నంబరు ఒక్కో పెట్టెకీ రెండేసిసార్లు చెప్పాను. చిన్న సంచి కొత్తది కదా, దానికి మూడుసార్లు చెప్పాను."

ప్రసూన పరిగెత్తింది. పెట్టెల చుట్టూ అప్పటికే పోలీసులు, ఓ కుక్క. అందులో బాంబు లేదు, బెల్లం ఉందని నమ్మించేసరికి తాతలు దిగొచ్చారు. ఆ కుక్క మాత్రం చిన్న సంచిని ఓ పట్టాన వదల్లేదు.

సరే, ఎక్కారు. ఓడ కదిలింది. "ఫోన్లు విమానం మోడ్‌లో పెట్టారా?" అంది ప్రసూన. పెట్టామన్నారు. తీరా చూస్తే అమ్మ తన ఫోన్ని కొంగున మూడు ముళ్ళేసి కట్టింది, ఆ కొంగుని బొడ్లో దోపింది.

"ఇదేంటమ్మా?"

"విమానంలా చేశాక ఎగిరిపోదటే? పద్నాలుగు వేలు పోసి కొన్నారు మీ నాన్న. సముద్రం మీద ఎగిరిపోతే ఎవరు పట్టుకుంటారు?"

అప్పలకొండ ఇంకా తెలివిగలవాడు. తన ఫోను మీద బెల్లం దిమ్మ పెట్టి వచ్చాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కాసేపటికి ప్రసూన గదిలోకెళ్తే మామ్మ మంచం మీద లైఫ్ జాకెట్ తొడుక్కుని కూర్చుని గ్లాసుతో మంచినీళ్ళు తాగుతోంది. తాగడం అయ్యాక జాకెట్ విప్పింది. మళ్ళీ దాహమేసింది. మళ్ళీ తొడుక్కుంది. బాత్రూంలో అప్పలకొండ జాకెట్ తోనే స్నానం చేస్తూ అరుస్తున్నాడు, "కోడలా! దీని కిందకి సబ్బు వెళ్ళట్లేదే!"

"విప్పు మావయ్యా!"

"నీళ్ళల్లో ఉన్నాను కదే! చంపేద్దామనుకున్నావా మీ మావని?"

ప్రసూన తల కొట్టుకుంది. ఎంత చెప్పినా ఇంతేనా వీళ్ళు? మాట వెనకాల అర్థం ఉంటుందని ఒక్కరికైనా తట్టదా? ఆ పిల్ల బీకాం మొహంలో జాలీ అసహ్యం రెండూ కలగలిసిపోయాయి.

సాయంత్రానికి గాలి లేచింది. ఓడ కొంచెం ఊగింది. అంతే! "మధ్య! మధ్య!" అంటూ సన్యాసిరావు లేచాడు. తను తీసుకున్న గది మధ్యలోదేనని ప్రసూన మొర్రో అంటోంది. వింటాడా? "మధ్యలో అంటే మధ్యలో కాదమ్మా, సరిగ్గా మధ్యలో అన్నావు" అన్నాడు. బెల్లం పెట్టెలకి కట్టిన కొబ్బరితాడు విప్పించాడు. బావమరిదిని ముందు కొసకి పంపాడు, తను వెనక కొసకి పోయాడు. తాడు సాగదీసి, సగానికి మడిచి, ఆ సగం ఎక్కడికొస్తే అక్కడికి ఇంటిల్లిపాదినీ నడిపించాడు.

ఆ సగం డాన్సుల హాల్లో, స్టేజీ నడిబొడ్డుకి వచ్చింది.

ఇంకేముంది, చాప పరిచారు. నలుగురూ ఎక్కి కూర్చున్నారు. లైట్లు వెలిగాయి, మ్యూజిక్ మొదలైంది, తళుకు బట్టలేసుకున్న అమ్మాయిలు పన్నెండు మంది పరిగెత్తుకొచ్చి చాప చూసి ఆగిపోయారు. తర్వాత చేసేదేం లేక చాప చుట్టూనే ఆడారు. ముందు వరసలో ఎవరో ఈలేశారు. పైడితల్లి మాత్రం చెయ్యెత్తి కసిరింది. "ఓలే గుంటల్లారా! గెంతకండే! మీరు గెంతుతుంటేనే ఓడ ఊగతంది!"

ఓడ మేనేజరు ప్రసూనని పక్కకి పిలిచాడు. మర్యాదగానే, కానీ గట్టిగానే చెప్పాడు. ఇంకొక్క గొడవ జరిగితే డేనియల్ గారికి ఫిర్యాదు వెళ్తుంది. ప్రసూనకి ఉద్యోగం కళ్ళముందే బెల్లం పాకంలా జారిపోతున్నట్టనిపించింది.

చెన్నైలో ఓడ ఆగింది. "దిగి ఊరు చూసుకుని చెప్పిన టైముకి ఎక్కెయ్యాలి. ఓడ ఎవరికోసమూ ఆగదు," అంది ప్రసూన. అనేశాక నాలిక కరుచుకుంది గానీ, అప్పటికే నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఆగదంటే ఆపాలి," అన్నాడు సన్యాసిరావు.

"నేనున్నాగా బావా. మనోళ్ళందరూ ఎక్కేదాకా తాడు వదల్ను," అన్నాడు అప్పలకొండ, తీగ పట్టుకున్న మొనగాడు.

మిగతా ముగ్గురూ ఊరు చూసొచ్చారు, ఓడెక్కారు. కూత పడింది. ఓడని రేవుకి కట్టిన మోకు విప్పడానికి మనుషులొస్తే, దాన్ని కావలించుకుని అప్పలకొండ పడుకునున్నాడు.

ప్రసూన పైనుంచి అరిచింది. "మావయ్యా! వదులు! అందరూ ఎక్కేశారు!"

"అబద్దం చెప్పకు కోడలా! ఇంకా ఒకడు ఎక్కలేదు!"

"ఎవరు?"

"నేను!"

"నువ్వు తాడు వదిలితే కదా ఎక్కుతావు!"

"అందరూ ఎక్కితే కదా తాడు వదుల్తాను! నేను ఎక్కకుండా అందరూ ఎక్కినట్టు ఎలాగవుద్దే? చదువుకున్నావు, ఆ మాత్రం లెక్క రాదూ?"

పైనుంచి సన్యాసిరావు చప్పట్లు కొట్టాడు. "చూశావా? మీ మావయ్య బుర్ర!"

ప్రసూన పళ్ళు నూరుకుంది. ఇంత చిన్న ముడి కూడా విప్పుకోలేని మొహం ఉంటుందా లోకంలో? తన రక్తంలో ఇలాంటి రక్తం ఎలా కలిసిందా అని సిగ్గుతో చచ్చిపోయింది. ఆఖరికి నలుగురు మనుషులు అప్పలకొండని మోకు మీంచి జలగని పీకినట్టు పీకి, ఎత్తి తీసుకొచ్చి ఓడలో పడేశారు. వేళ్ళ మధ్య మాత్రం ఇంకా నాలుగు పీచులు ఉన్నాయి. "వదల్లేదు," అని చూపించుకున్నాడు.

మేనేజరు ఫిర్యాదు పంపలేదు. అదృష్టం, అప్పలకొండని వీడియో తీసి జనం పగలబడి నవ్వుతున్నారు. నవ్విన జనం ఫిర్యాదు చెయ్యరు కదా, పోనీలే అనుకున్నాడు.

ఇక మిగిలింది దిగడం ఒక్కటే. ప్రసూన ఈసారి ఒక్కో మాటా తూచి తూచి చెప్పింది. "రేపు పొద్దున్నే విశాఖ. పడుకోబోయే ముందు సామాన్లన్నీ సర్ది, పేరూ గది నంబరూ రాసిన చీటీలు కట్టి, గుమ్మం బయట పెట్టెయ్యండి. ఓడవాళ్ళే కిందకి దించుతారు. గదిలో మనది అన్నది ఏదీ మిగలకూడదు." ఇందులో తప్పుగా అర్థం చేసుకోడానికి ఏముందని పదిసార్లు ఆలోచించుకుంది. ఏమీ లేదనుకుని నిద్రపోయింది.

తెల్లారి తలుపు తీసి చూస్తే ఇంకేముంది! గుమ్మం బయట పెట్టెలు వరసగా ఉన్నాయి. పెట్టెల పక్కన వరసగా నాన్న, అమ్మ, మావయ్య, మామ్మ. నలుగురి మెడల్లోనూ చీటీలు. ఒంటి మీద ఓడవాళ్ళ తెల్ల దుప్పట్లు.

"బట్టలేవి?" అంది ప్రసూన.

"మన బట్టలు మనవే కదే, సర్దేశాం," అంది నూకరత్నం.

"మీరెందుకు బయట కూర్చున్నారు?"

"మనది అన్నది ఏదీ గదిలో మిగలకూడదన్నావు. నేను మీ నాన్నని కానా? ఆవిడ మీ అమ్మ కాదా?" అన్నాడు సన్యాసిరావు, నిష్ఠూరంగా.

సామాన్లు దించేవాళ్ళు వచ్చారు. చీటీలు చదివారు, నవ్వుకున్నారు. నలుగుర్నీ పెట్టెలతో సహా తోపుడుబండి మీదకి ఎక్కించి, దొర్లించుకుంటూ రేవులోకి దించేశారు. బండి మీంచి పైడితల్లి, "నెమ్మదిరా నాయినా, పగిలే సామాను!" అని అరుస్తూనే ఉంది.

అంతే! గండం గట్టెక్కింది. ఒక్క ఫిర్యాదూ లేదు. ఉద్యోగం ఖాయం. ప్రసూన సంచి భుజాన వేసుకుని మెట్ల దగ్గర నిలబడి దిగేవాళ్ళని చూసింది. ముసలివాళ్ళు దిగారు, కొత్త జంటలు దిగారు, చంకలో నిద్రపోతున్న పిల్లలు దిగారు. ఓడ ఖాళీ.

"దిగండి మేడమ్," అన్నాడు మెట్ల దగ్గరి మనిషి.

ప్రసూన కాలు ఎత్తింది. ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. చివరి ప్రయాణికుడు దిగేదాకా దిగకూడదు కదా.

"అందరూ దిగిపోయారా?"

"మీరొక్కరే మేడమ్. మీరే చివరి ప్రయాణికులు."

ప్రసూన ఎత్తిన కాలు వెనక్కి పెట్టుకుంది. చివరి ప్రయాణికురాలు తనే. తను దిగాకగాని తను దిగకూడదు. తను దిగాలంటే ముందు తను దిగి ఉండాలి. వేళ్ళు లెక్కపెట్టుకుంది. బీకాంలో ఇలాంటి లెక్క చెప్పలేదు. డేనియల్ గారిని అడుగుదామని ఫోను తీసింది. విమానం మోడ్‌లో ఉంది. ఓడ దిగాక తియ్యాలి. ఇంకా దిగలేదు కదా! మళ్ళీ సంచిలో పెట్టేసింది.

ఇంతలో మెట్ల మీదుగా కొత్త జనం ఎక్కడం మొదలుపెట్టారు. ప్రసూన ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఇంక చివరి ప్రయాణికురాలు తను కాదు! ఆ మరుక్షణమే ఇంకోటి తట్టింది. ఇప్పుడు వీళ్ళల్లో చివరివాడు దిగేదాకా ఆగాలి. వాడు దిగేసరికి ఇంకోడు ఎక్కుతాడు.

కూత పడింది. రేవు మెల్లగా వెనక్కి జరిగింది. కింద తోపుడుబండి మీద, తెల్ల దుప్పటి కప్పుకుని, మెడలో చీటీతో సన్యాసిరావు కనిపించాడు. కూతుర్ని చూసి ఆయన ఛాతీ పొంగింది.

"చూశారా! ఓనరు చెప్పిన మాట మీద నిలబడింది! ఎవరి కూతురనుకున్నారు!"

"నా మేనకోడలు! వదలకే కోడలా!" అని అప్పలకొండ మోకు పీచు ఊపాడు.

ప్రసూన కమ్మీ పట్టుకుని నిలబడింది. కడుపులో మళ్ళీ దేవింది. ఓడలో ఎవర్ని అడిగినా నవ్వుతున్నారు, అందుకని ఈ కథ చదువుతున్న మిమ్మల్నే అడుగుతోంది. "అయ్యా, అమ్మా, మీరైనా బుర్రున్నవాళ్ళలా ఉన్నారు. దిగితే మాట పోతుంది, మాట పోతే ఉద్యోగం పోతుంది. దిగకపోతే ఆఫీసుకెళ్ళలేను, వెళ్ళకపోయినా ఉద్యోగం పోతుంది. చెప్పండి, ఇప్పుడు నేనేం చెయ్యాలి? కాస్త తొందరగా చెప్పండి, వీళ్ళు లైఫ్ జాకెట్లు ఇస్తున్నారు. నాకు దాహమేస్తోంది, తొడుక్కోవాలా?"