వాల్వు వేడెక్కేదాకా

వీధి చివర పాడుతున్న సెట్టు విని, అందులో ఉన్నవి ట్రాన్సిస్టర్లో, పాతకాలపు గాజు వాల్వులో కళ్లు మూసుకుని చెప్పగల చెవి జిల్లా మొత్తానికి తనదొక్కటేనని ఏకాంబరం మాస్టారు అంటూండేవారు. ఆ వెంటనే, "మా ఆవిడ భోజనానికి పిలిస్తే మాత్రం ఈ చెవికి వినపడదు లెండి" అని తన గాలి తనే తీసేసుకునేవారు. రాజమండ్రిలో ఆయన చేత్తో కట్టిన ఆంప్లిఫయర్లకు పేరుంది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న తబిత మాత్రం పేరును కాక మీటరును నమ్మే మనిషి.

"మాస్టారండీ, మీటరు పెట్టి చూస్తే ట్రాన్సిస్టరు పెట్టే శుద్ధంగా పలుకుతోంది. మరి దాన్ని తీసేసి వాల్వు పెట్టె పెట్టుకుంటే పాట తియ్యగా మారుతుందంటారు. నిజంగా మారుతుందా, మారిందని మనం అనుకుంటామా?" అని ఒకరోజు అడిగింది.

మాస్టారు కొత్తగా కట్టిన వాల్వు పెట్టెను తువ్వాల్లో చుట్టి, "నడు, రాజుగారింట్లో అడుగుదాం" అన్నారు.

రాజుగారంటే రిటైరైన పోస్టుమాస్టరు నరసరాజు గారు. మర్నాడు ఆ దంపతులు రెండు గదుల ఫ్లాటుకు మారుతున్నారు. నలభై ఏళ్లుగా ఆయన పోగుచేసుకున్న గ్రామఫోను రికార్డులు మూడు పెట్టెలున్నాయి, వాటిని పాడించడానికో ట్రాన్సిస్టరు సెట్టుంది. "ఆ సెట్టు పాడదు, రంపం పెట్టి కోస్తుంది" అని భార్య సుభద్రాయమ్మ గారి మాట. వాల్వు సెట్టు విని ఆవిడ సరేనంటే రికార్డులు ఫ్లాటుకు వస్తాయి. లేదంటే నాలుగింటికి పాత సామాన్లవాడి ఆటో ఎక్కుతాయి. వీళ్లు వెళ్లింది మూడున్నరకు. ఆటో అప్పటికే గుమ్మంలో ఉంది. రాజుగారి మొహం తన పేర తనకే టెలిగ్రాం వచ్చినట్టుంది.

మాస్టారు రాజుగారి పాత పెట్టెనూ కొత్త వాల్వు పెట్టెనూ పక్కపక్కన పెట్టి, రెంటినీ మీట ఉన్న చిన్న డబ్బాకు కలిపారు. మీట ఎడమకుంటే పాతది పాడుతుంది, కుడికి తిప్పితే కొత్తది. వాల్వు పెట్టెలో నాలుగొందల వోల్టులుంటాయి. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా దారి చూసుకుంటుంది. అందుకని ఆయన ఎడమచెయ్యి ఎప్పుడూ నడుము వెనకే ఉండేది. మీట తిప్పే పని తబితది, కాని కిందటి నెల ఆమె తొందరపడి షాకు కొట్టించుకున్నప్పట్నుంచి ఒక నియమం ఉంది: మాస్టారు "ఊఁ" అనేదాకా దేన్నీ ముట్టుకోకూడదు.

ముందు పాత పెట్టె మీద ఒక జావళి వేశారు. సుభద్రాయమ్మ గారు వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి సగం విన్నారు. "ఇక చాలు, కట్టెయ్యండి."

"ఇప్పుడు వాల్వులు వేడెక్కాలండి. పది నిమిషాలు. అంతా కూర్చోండి, మాట్లాడకండి."

"పొయ్యి మీద పాలున్నాయండీ."

"దింపేసి రండమ్మా."

ఆవిడ వచ్చి కట్టిపెట్టిన పరుపుచుట్ట మీద కూర్చున్నారు. గాజుబుడ్లలో తీగలు నెమ్మదిగా ఎర్రబడ్డాయి. బయట ఆటో ఒకసారి హారన్ కొట్టింది. ఎవరూ కదల్లేదు. మాస్టారు కుడిచేత్తో ముల్లు దించి కళ్లు మూసుకున్నారు.

ఊఁ అనలేదు.

మీట ఇంకా ఎడమకే ఉంది. పాట నడుస్తుండగా తిప్పితే స్పీకరు ఢాంమంటుంది. నోరు విప్పితే రికార్డులు ఆటో ఎక్కుతాయి. విప్పకపోతే అబద్ధం ఫ్లాటుకు వెళుతుంది. తబిత మాస్టారి వంక చూసింది. ఆయన తన్మయంగా తల ఊపుతున్నారు.

పాట అయిపోయింది. సుభద్రాయమ్మ గారు కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఇన్నాళ్లకి పాడింది. రెండో వైపు కూడా వెయ్యండి" అన్నారు. రాజుగారు అప్పటికి ఊపిరి వదిలారు.

"మాస్టారండీ," అంది తబిత సన్నగా, "మీరు ఊఁ అనలేదు."

ఆయన కళ్లు తెరిచి మీట వంక చూశారు. గుట్టుగా తిప్పేస్తే అడిగేవాళ్లు లేరు. చెయ్యి సగందాకా వెళ్లి ఆగింది.

"అమ్మా, తప్పు నాది. మీరు విన్నది పాత పెట్టెనే."

ఆటో మళ్లీ హారన్ కొట్టింది. ఆవిడ ఆ పాత పెట్టెను ఎగాదిగా చూశారు. "ఇన్నేళ్లూ నా చెవులు కోసింది ఇదేనా?"

"నువ్వెప్పుడైనా కూర్చుని విన్నావా సుభద్రా? కుక్కరు కూతల మధ్య వినడమేగా" అన్నారు రాజుగారు.

"మీరెప్పుడైనా కూర్చోమన్నారా?"

రాజుగారు రికార్డు తీసి దాని కవరు వెతుక్కోసాగారు.

"ఆ ఆటోవాణ్ణి పంపించెయ్యండి," అని ఆవిడ లేచారు. "ఏ పెట్టె ఉంచుకుంటారో మీ ఇష్టం. పాట పెట్టే పది నిమిషాల ముందు నాకు చెప్పండి, పొయ్యి కట్టేసి వస్తాను."

తిరుగుదారిలో తబిత ఉండబట్టలేక అడిగింది. "అయితే వాల్వు తీపి అంతా ఉత్తదేనాండి?"

మాస్టారు వీధి మలుపు తిరిగారు. ఎడమచెయ్యి ఇంకా నడుము వెనకే ఉంది.

"అందరికంటే ముందు తల ఊపింది నేనేనమ్మాయ్. 'వాల్వు పలుకే వేరు' అని లోపల మురిసిపోయాను కూడా," అన్నారు. "పది నిమిషాలు కూర్చున్నాం కదా. వేడెక్కినవి వాల్వులా, మన చెవులా అన్నది చూసుకోలేదు."